ప్రోనోటు బాకీ వసూలుకు గొలుసు తాకట్టు పెట్టాలా?

తిరుపతిలో బ్లౌజులు కుట్టి నెలకు 14,000 రూపాయలు సంపాదిస్తున్న ఒక పాఠకురాలు, దగ్గరి బంధువుకు ప్రోనోటు రాయించుకుని 2,00,000 రూపాయలు ఇచ్చారు. నోటు రాసి రెండేళ్ల తొమ్మిది నెలలైనా అసలు గానీ వడ్డీ గానీ రాలేదు. దావాకు లాయరు ఫీజు, కోర్టు ఫీజు కలిపి 60,000 అవుతుందని విని, నాలుగు సవర్ల గొలుసు తాకట్టు పెట్టమంటారా అని అడుగుతున్నారు.

అమ్మా, గొలుసు తీయకండి. నూటికి రూపాయి వడ్డీకి దొరికినా నెలకు 600 రూపాయలు కట్టాలి. దావా రెండేళ్లు సాగితే వడ్డీకే 14,400 పోతుంది. అంతకన్నా పెద్ద కారణం, ఆ ఖర్చు మీరు భరించవలసినదే కాదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, దివ్యాంగులకు కూడా అంతే. ఈ సహాయం క్రిమినల్ కేసులకే అని చాలామంది అనుకుంటారు గానీ, సివిల్ దావాలకూ వర్తిస్తుంది. కేసులో ప్రాథమికంగా బలముందని న్యాయ సేవాధికార సంస్థ భావిస్తే లాయరును వారే నియమిస్తారు, కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు కూడా వారే చూసుకుంటారు. సంతకమున్న నోటు చేతిలో ఉన్న మీరు సంకోచించనక్కరలేదు.

తిరుపతి కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయ సేవాధికార సంస్థలో గానీ, చిత్తూరులోని జిల్లా సంస్థలో గానీ దరఖాస్తు చేయండి. ముందుగా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసి అడగవచ్చు. పొదుపు సంఘాల సమావేశాల్లో వడ్డీ లెక్కలు చెప్పినంత శ్రద్ధగా ఈ నంబరు కూడా చెబితే ఎన్ని గొలుసులు తాకట్టు తప్పేవో అని నాకు తరచూ బాధ కలుగుతుంది.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది గడువు. అడిగినప్పుడు చెల్లించే ప్రోనోటుపై దావా, నోటు తేదీ నుంచి మూడేళ్లలోపు వేయాలి. మీకు మిగిలింది మూడు నెలలే. ఈలోగా మీ బంధువు కొంత సొమ్ము కట్టి నోటు వెనుక తన చేత్తో రాసి సంతకం చేసినా, బాకీ ఉన్నట్లు రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేసినా, ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. నోటి మాటకు ఆ విలువ లేదు. దరఖాస్తు ఇచ్చాం కదా, గడువు ఆగిపోయిందిలే అని కూడా ఊరుకోకండి; దావా ఏ తేదీలోపు వేయాలో మీకు కేటాయించిన లాయరుకు తొలిరోజే చెప్పండి. దావాతో పాటు కోర్టులో దాఖలు చేసేవరకు ఒరిజినల్ నోటు ఎవరికీ వదలకుండా, జిరాక్స్ కాపీలే ఇవ్వండి.

దావా వేశాక, బంధువు గనుక, లోక్ అదాలత్‌లో రాజీకి అవకాశం ఉంటుంది. అక్కడ ఇచ్చే అవార్డు, అంటే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు; అందువల్ల వాయిదాల మొత్తం, తేదీలు, ఒక వాయిదా తప్పితే ఏమవుతుందన్నది స్పష్టంగా రాయించుకున్న తరువాతే సంతకం చేయండి. డిక్రీ వచ్చినంత మాత్రాన డబ్బు చేతికి రాదు; ఆయన పేరున స్థలమో, జీతమో ఉందా అన్నది ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. సొమ్ము అందేవరకు ఆ 2,00,000 రూపాయలను పిల్లల ఫీజుల లెక్కలో వేసుకోకండి.