మాస్ స్పెక్ట్రోమీటర్ కొనే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువు తూచే యంత్రం) కొనడానికి నిధులు మంజూరయ్యాయని, కొటేషన్లు తెప్పిస్తున్నావని రాశావు. వాటిని కాస్త ఆపు. ముందు సింథసిస్, బయోకెమిస్ట్రీ రెండు విభాగాల వాళ్లనూ కూర్చోబెట్టి, నిరుడు బయటి ల్యాబులకు ఏయే శాంపిళ్లు పంపారో పట్టీ రాయించు. యంత్రాన్ని ఎంచాల్సింది ఆ పట్టీయే, బ్రోచర్ కాదు.

కొత్త అణువులు తయారుచేసే సింథసిస్ వాళ్లకు కచ్చితమైన మాస్ (అణువు బరువు) కావాలి. జర్నళ్లు సాధారణంగా 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) లోపు తేడా అడుగుతాయి. 500 మాస్ దగ్గర అది 0.0025. బయోకెమిస్ట్రీ వాళ్లకు ప్రోటీన్ మొత్తం మాస్, పెప్టైడ్లలో (ప్రోటీన్ ముక్కల్లో) అమైనో ఆమ్లాల వరస కావాలి. ఎలక్ట్రోస్ప్రే (ద్రావణాన్ని విద్యుత్తుతో తుంపర చేసి అణువులకు చార్జి ఎక్కించే పద్ధతి) ఉన్న క్యూ-టాఫ్ గానీ, ఆర్బిట్రాప్ గానీ (రెండూ మాస్‌ను కచ్చితంగా కొలిచే రకాలు) ఈ రెండు పనులూ చేస్తుంది. రక్తంలో మందు ఎంత ఉందో కొలవడమే ముఖ్యమైతే ట్రిపుల్ క్వాడ్రుపోల్ అనే రకం మేలు, కానీ దానితో అణువు ఫార్ములా తేలదు. హైడ్రోకార్బన్లు ఎలక్ట్రోస్ప్రేలో దాదాపు కనబడవు, వాటికి జీసీ-ఎంఎస్ (శాంపిల్‌ను ఆవిరి చేసి, విడదీసి తూచే యంత్రం) ఉండాల్సిందే.

డెమోకు కంపెనీ ఇచ్చే శాంపిల్ ఒప్పుకోవద్దు. అందరికీ ఒకే సెట్ నువ్వే పంపు. అందులో ఒకటి మొండిది ఉండాలి: ఉప్పు సరిగా తీయని ప్రోటీన్ లాంటిది. ఉప్పు సిగ్నల్‌ను అణిచేస్తుంది, హైడ్రోజన్ బదులు సోడియం ఎక్కిన ప్రతిసారీ మాస్ 22 పెరిగి పీకు (గ్రాఫులో శిఖరం) చీలికలవుతుంది. మీ దగ్గరికి రోజూ వచ్చేవి అలాంటివే. సోర్స్‌ను (తుంపర తయారయ్యే భాగాన్ని) నీ ఎదుటే విప్పి కడిగించు. వ్యాక్యూమ్ పోకుండా ఎంతవరకు శుభ్రం చేయవచ్చో చూడు. పదిమంది విద్యార్థులు వాడే యంత్రానికి రిజల్యూషన్ (దగ్గరి మాస్‌లను విడదీసి చూపే శక్తి) అంకె కన్నా ఇదే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

గది పని ఇప్పుడే మొదలెట్టు. తుంపరను ఆరబెట్టే నైట్రోజన్ నిమిషానికి 20 లీటర్లు పోతే, 7 ఘనమీటర్ల సిలిండర్ ఆరు గంటలు కూడా రాదు. నైట్రోజన్ జనరేటర్ ధర బడ్జెట్‌లో చేర్చు. రోటరీ పంపు పొగ గొట్టాన్నీ, సోర్స్ గొట్టాన్నీ కలపకుండా విడివిడిగా బయటికి తీయించు. ఏసీ గాలి యంత్రం మీద పడకూడదు: క్యూ-టాఫ్‌లో చార్జి ఎక్కిన అణువులు పరుగెత్తే గొట్టం వేడికి సాగితే మాస్ కొలత పక్కకు జరుగుతుంది. పంపులతో సహా అంతా యూపీఎస్ మీద ఉండాలి. కరెంటు పోతే వ్యాక్యూమ్ మళ్లీ కుదరడానికి రాత్రంతా పట్టవచ్చు.

సర్వీస్ కాంట్రాక్టుకు ఏటా ధరలో పదో వంతు దాకా పడుతుంది. అయిదేళ్ల రేటు టెండర్‌లోనే రాయించుకో, కొన్నాక బేరం చేసే బలం నీకుండదు. వేరే కంప్యూటర్లలో డేటా చూసే లైసెన్సులు ఎన్నో కూడా రాయించు. నీ శాంపిళ్లతో పరీక్ష నెగ్గాకే చివరి వాయిదా ఇవ్వు.

ఆపరేటర్ పోస్టు సంగతి రాయలేదు. అది తేలకుండా ఆర్డర్ పెట్టకు. పట్టీ, గది కొలతలు, తలుపు వెడల్పుతో సహా పంపు. టెండర్ షరతులు చూసిపెడతాను.