చెరువు లెక్క తెలిసిన ఇంట్లో ఊరి లెక్క

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. పట్టణాల డేటా మీద పనిచేసే చదువు చదువుతానంటోంది. కంప్యూటర్ సైన్స్‌లో చేరమంటే వినడం లేదు. ఆ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తండ్రి

జవాబు: మీరు చెక్ ట్రే, అంటే రొయ్యలు ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో దించే పళ్లెం, చూడకుండా మేత వేయరు కదండీ. ట్రేలో మేత మిగిలితే తగ్గిస్తారు. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంత పడిందో చూసి నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పుతారు. చెరువుకు మీరు చేస్తున్నదే ఊరికి చేస్తానంటోంది మీ అమ్మాయి.

మన పట్టణాల్లో చాలావరకు చెక్ ట్రే లేకుండానే మేత పడుతోంది, అంటే లెక్క చూడకుండానే పనులు సాగుతున్నాయి. ఏ పైపు ఎటు పోతుందో, ఏ కాలువ ఎక్కడ పూడుతుందో పాత మేస్త్రీ తలలో ఉంటుంది. ఆయన రిటైరైతే ఆ లెక్కా ఆయన వెంటే పోతుంది. 2021లో జరగాల్సిన జనగణన జరగక 2011 అంకెలతోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాం. ఫిర్యాదుల రిజిస్టరు తెరిస్తే ఒకే వీధి ఒకచోట రామాలయం వీధి, ఒకచోట రాములవారి గుడి వీధి, ఇంకోచోట గుడి సందు. కంప్యూటర్‌కు అవి మూడు వీధులు. ఈ ఉద్యోగంలో సగం రోజు ఇలాంటి చిక్కులు విప్పడానికే పోతుంది.

మిగతా సగం కాళ్లతో చేసే పని. కెన్యా రాజధాని నైరోబీలో మటాటు అనే ప్రైవేటు మినీబస్సులకు రూట్ మ్యాప్ ఉండేది కాదు. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఫోన్లు పట్టుకుని ఆ బస్సులెక్కి తిరిగి రూట్లన్నీ నమోదు చేశారు. 2014లో మ్యాప్ వచ్చింది. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో 2015 నుంచి విద్యార్థులు, స్థానికులు కలిసి ముంపు వాడల్లో మురుగు కాలువలను గుర్తించి, ఎవరైనా దిద్దగలిగే ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టారు.

డెల్టాలో ఈ నడక మరీ తప్పదు. ఉపగ్రహాల ద్వారా తీసిన, ఉచితంగా దొరికే నేల ఎత్తుల పటాల్లో కొన్ని మీటర్ల తేడా మామూలే. కొండ ప్రాంతంలో దానితో సర్దుకోవచ్చు. భీమవరం ఉన్నదే సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో. ఇక్కడ ఒక వీధి మునగడానికీ పక్క వీధి మునగకపోవడానికీ మధ్య తేడా జానెడు. ఊరి గుండా పోయే యనమదుర్రు డ్రెయిన్ నిండితే నీళ్లు ఎటు ఎగదన్నుతాయో ఆ పటం చెప్పదు. గట్టు మీద ఇల్లున్న మనిషి చెబుతాడు. ఆయన మాటను కొలిచి, అంకె చేసి, పటంలో పెట్టగలిగినవాళ్లే ఈ రంగంలో పనికొస్తారు.

ఇక చదువు సంగతి. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో పట్టణ ప్రణాళిక నేర్పే నాలుగేళ్ల బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్ డిగ్రీ ఉంది. దానికి జేఈఈ మెయిన్‌లో పేపర్-2బి రాయాలి. దరఖాస్తులోనే ఆ పేపర్ ఎంచుకోవాలి. పిల్లలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. సీటు రాకపోతే సివిల్ ఇంజినీరింగ్ చేసి, గేట్ పరీక్ష ద్వారా ప్లానింగ్‌లోగాని, భూమిని కొలిచి పటాలు చేసే జియోమాటిక్స్‌లోగాని పీజీకి వెళ్లవచ్చు. మీ మాటే నెగ్గి కంప్యూటర్ సైన్స్‌లో చేరినా దారి మూసుకుపోదు. గణాంకశాస్త్రం గట్టిగా చదవాలి, పటాలు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోవాలి. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాల వంటివాటితో దూరం నుంచే భూమిని పరిశీలించే పద్ధతి) మీద ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతుంది.

జీతం దగ్గర మీ భయం ఉత్తది కాదు. మొదట్లో సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే. ప్రభుత్వ పోస్టులకు ఏటా ప్రకటన రాదు. కన్సల్టెన్సీల్లో చాలావరకు కాంట్రాక్టు కొలువులే, పథకం ముగిస్తే కొలువూ ముగుస్తుంది. 2016 జనవరి తొలి జాబితాలోనే కాకినాడకు చోటిచ్చిన కేంద్ర ప్రభుత్వ పట్టణాభివృద్ధి పథకం స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చితో ముగిసింది. కాబట్టి ఒక్క పథకాన్ని నమ్ముకుని కాకుండా, నీటి సరఫరా, రవాణా, పన్నులు ఎక్కడైనా ఒదిగే నైపుణ్యంతో బయటికి రావాలి.

సీటు సంగతి తేలేలోగా అమ్మాయికి ఒక పని అప్పజెప్పండి. వాన వెలిసిన రెండు గంటలకు మీ వీధిలో నీళ్లు ఎక్కడ, ఎన్ని అంగుళాలు నిలిచాయో స్కేలు పెట్టి కొలిచి పటంలో గుర్తు పెట్టమనండి. మూడో వానకు కూడా ఎవరూ చెప్పకుండానే స్కేలు పట్టుకుని బయల్దేరితే, ప్లానింగ్ కోర్సుకు ఫీజు సిద్ధం చేసుకోండి. మొదటి వానకే విసుగేస్తే కంప్యూటర్ సైన్స్ ఎటూ ఉంది.