ఆర్కెస్ట్రాలో కూర్చొని ఓబో వాయించిన మార్సెల్ టబుటోను ఇంత గొప్ప గురువుగా ఎందుకు చెప్పుకుంటారు?

మీ ప్రశ్నలోని సందేహం న్యాయమైనదే. టబుటో స్వరకర్త కాదు, దేశాలు తిరిగి సోలో కచేరీలు చేసినవారూ కాదు. ఓబో అంటే రెల్లు రేకుల పీకతో ఊదే పాశ్చాత్య వాద్యం. 1915 నుంచి 1954 దాకా ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో ప్రిన్సిపల్ ఓబో, అంటే ఓబో వాద్యకారుల్లో మొదటివారి కుర్చీలో కూర్చొని ఉద్యోగం చేశారు. అలాంటి మనిషి పేరు చెబితే అమెరికాలో ఓబో పట్టుకున్నవాళ్ళంతా ఎందుకు చేతులు జోడిస్తారని అడిగారు.

సంగీతం నా వృత్తి కాదు. చిన్నప్పుడు విజయవాడలో వయొలిన్ నేర్చుకున్నాను, వర్ణాల దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు క్లీవ్‌లాండ్ శివార్లలో ఉంటున్నాం. స్కూలు బ్యాండులో ఎవరూ ముట్టుకోని ఓబోను మా అమ్మాయి ఏరికోరి తీసుకుంది. దానికి పాఠం చెప్పిన టీచరుగారు జాన్ మ్యాక్ శిష్యురాలు. మ్యాక్ 1965 నుంచి 2001 వరకు క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో ప్రిన్సిపల్ ఓబో. ఆయన గురువు టబుటో. అలా ముని మనుమరాలి వరసలో మా ఇంటికి చేరిన విద్య ఇది. పాఠం జరుగుతున్నంతసేపూ గది మూలన కూర్చొని విన్నవాటితోనే ఈ సమాధానం రాస్తున్నాను.

చాలామంది టబుటో అనగానే ఆయన నాదం గురించి మాట్లాడతారు. గుండ్రంగా, చీకటిగా, తేనెలా అని ఏవేవో విశేషణాలు వేస్తారు. నా ఉద్దేశంలో ఆయన చేసిన అసలు పని వేరు. ఏ స్వరాన్ని ఎంత బలంగా పలకాలి, ఏ స్వరం ఏ స్వరం వైపు నడవాలి, ఊపిరి ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదలాలి అన్నవి పుట్టుకతో రావలసినవేనని పెద్ద పెద్ద గురువులు కూడా వదిలేసేవారు. ఆయన వాటిని కూర్చోబెట్టి నేర్పగలిగిన పాఠంగా మలిచారు.

జీవిత వివరాలు కొంచెం చెప్పుకుందాం. 1887 జూలై 2న, పారిస్‌కు ఉత్తరాన ఉన్న కాంపియేన్ పట్టణంలో పుట్టారు. తండ్రి గడియారాల పనివాడు. మొదట నేర్చుకున్నది వయొలిన్. తర్వాత పారిస్ కన్సర్వేటరీలో జార్జ్ జిలే దగ్గర ఓబో నేర్చుకొని, 1904లో, అంటే 17 ఏళ్ళకే ప్రథమ బహుమతి అందుకున్నారు. జిలే రాసిన కఠినమైన అభ్యాసాలతో ఇప్పటి విద్యార్థులు కూడా కుస్తీ పడుతూనే ఉన్నారు. మా ఇంట్లోనూ ఆ పుస్తకం ఉంది. దాన్ని తెరిచిన రోజు మా అమ్మాయి మొహం చూస్తే చాలు, ఏ పేజీలో ఉందో తెలిసిపోతుంది.

1905లో న్యూయార్క్ సింఫనీ ఆర్కెస్ట్రా కండక్టర్ వాల్టర్ డామ్‌రోష్ ఫ్రాన్స్, బెల్జియంలకు వెళ్ళి ఐదుగురు వాద్యకారులను వెంటబెట్టుకొని వచ్చారు. వాళ్ళలో టబుటో ఒకరు. ఫ్లూట్ వాద్యకారుడు జార్జ్ బారేర్ ఇంకొకరు. బయటివాళ్ళను ఇలా తెచ్చి కూర్చోబెట్టడమేమిటని వాద్యకారుల సంఘం గొడవ చేసి డామ్‌రోష్‌కు జరిమానా వేసింది. తర్వాత టబుటో మెట్రొపాలిటన్ ఒపేరాలో కండక్టర్ టోస్కనీనీ ఎదుట వాయించారు. 1915లో స్టకోవ్‌స్కీ నాయకత్వంలోని ఫిలడెల్ఫియాకు చేరారు. స్టకోవ్‌స్కీ తర్వాత ఆర్మండీ వచ్చారు. ఈయన కుర్చీ మాత్రం కదల్లేదు.

1924లో మేరీ లూయిస్ కర్టిస్ బోక్ అనే దాత ఫిలడెల్ఫియాలో కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. అందులో మొదటి నుంచీ ఓబో గురువు టబుటోయే. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కర్టిస్ భవనం, అప్పట్లో ఆర్కెస్ట్రా వాయించిన అకాడమీ ఆఫ్ మ్యూజిక్ రెండూ లోకస్ట్ వీధి మీదే, నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాయి. వారంలో పాఠంగా చెప్పింది వారాంతంలో వేదిక మీద ఆయన చేసి చూపించాలి. వినే శిష్యులు పై వరసల్లో కూర్చొని ఉంటారు. చెప్పినదానికీ చేసినదానికీ తేడా వస్తే పట్టేస్తారు. దశాబ్దాల పాటు అలాంటి పరీక్షకు నిలబడిన గురువులు ఎక్కడైనా తక్కువే. ఆయన ఆర్కెస్ట్రా ఉద్యోగాన్ని మీరు లోపంగా చూశారు. నాకు అదే ఆయన బలంగా కనబడుతుంది.

ఇక ఆ ప్రసిద్ధమైన అంకెల పద్ధతి. మా అమ్మాయి పాఠాల్లో మొదటి నెలలు దీనితోనే గడిచాయి. ఒకే స్వరం పట్టుకోవాలి. 1 అంటే వినీ వినబడనంత, 9 అంటే ఆ రీడ్ (ఓబోకు నోట పెట్టుకునే పీక) మోయగలిగినంత. 1 నుంచి మెట్టు మెట్టుగా 9కి ఎక్కి, అదే లెక్కన దిగాలి. దారిలో శ్రుతి కదలకూడదు, మెట్టుకూ మెట్టుకూ మధ్య గంతు ఉండకూడదు. వినడానికి సులువుగా ఉంటుంది. ఓబోలో గాలి దూరే సందు ఎంత చిన్నదంటే, ఆ గాలి లోపలికి పోక ఊపిరితిత్తుల్లోనే మిగిలిపోతుంది. ఊపిరి చాలక కాదు, మిగిలిన ఊపిరి వదలడానికి చోటు దొరక్క వాద్యకారుడు ఉక్కిరిబిక్కిరవుతాడు. ఆ స్థితిలో 3కీ 4కీ తేడా చూపించడం తమాషా కాదు.

అది పట్టుబడ్డాక పాటలోని ప్రతి స్వరం మీదా పెన్సిలుతో అంకె పడుతుంది. 4, 5, 6, 7, 5, 4 అని. అందులో పెద్ద అంకె ఎక్కడుందో పాట అటు నడుస్తుంది. ఇవి ఒట్టి శబ్దపు కొలతలు కావు. ఒకే మోతాదు శబ్దంలో కూడా బిగువు పెరగడం, సడలడం ఉంటుంది కదా, దానికీ ఈ అంకెలే గుర్తులు.

అంకెలతో ఇంకో పని కూడా చేశారు ఆయన. ఒక దెబ్బకు నాలుగు స్వరాలుంటే అచ్చు కాగితం మీద 1 2 3 4 అని ఒక గుత్తిగా కనబడతాయి. ఆయన మొదటి స్వరాన్ని వెనకటి గుత్తికి ఇచ్చేసి, 2 3 4 1, 2 3 4 1 అని ఆలోచించమన్నారు. అంటే ప్రతి గుత్తీ తాళం దెబ్బ తర్వాత బయలుదేరి, తర్వాతి దెబ్బ మీద వాలుతుంది. కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నవాళ్ళకు ఇది వింత కాదు. అనాగత ఎత్తుగడతో సమం దాటి మొదలయ్యే కీర్తనలు పాడుతూనే పెరిగాం. అలాంటి కీర్తనకు సహజంగా ఉండే ముందడుగును ఆయన మామూలు స్వరాల వరసలోకి కూడా తెచ్చారు. టీచరుగారు ఇది వివరిస్తున్నప్పుడు మూలన కూర్చున్న నా చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేసింది.

అంకెలు వేస్తే సంగీతం యంత్రం అయిపోదా అని ఒకసారి ఆవిడను అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు. రబ్బరు తీసి ఆ వరస మీది అంకెలు చెరిపి, వేరే అంకెలు వేసి, మా అమ్మాయి చేత మళ్ళీ వాయించారు. రెండూ బాగున్నాయి. రెండూ వేర్వేరు పాటల్లా ఉన్నాయి. ‘ఏది నీకు నచ్చింది?’ అని అడిగారు. దాన్ని, నన్ను కాదు.

రీడ్ గురించి చెప్పకపోతే టబుటో కథ సగమే. ఓబో రీడ్ రెల్లు జాతి గొట్టంతో చేస్తారు. మంచి గొట్టాలకు దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతం పేరుపొందింది. గొట్టాన్ని చీల్చి, లోపల తోడి, దాదాపు 0.6 మిల్లీమీటర్ల మందానికి తెచ్చి, ఆకారం కోసి, చిన్న లోహపు గొట్టానికి దారంతో బిగించి, ఆ తర్వాత కత్తితో గీస్తూ పోవాలి. ఐరోపాలో ఎక్కువమంది కొన వైపు కొద్ది మేర మాత్రమే గీస్తారు. టబుటో చేతుల్లో రూపు దిద్దుకున్న అమెరికన్ పద్ధతిలో గీత దారం దగ్గరిదాకా వస్తుంది. కొన, గుండె, వెనక కిటికీలు, నడుమ వదిలిన వెన్నెముక అని దానికొక శరీరశాస్త్రం. రీడ్‌ను ఒక్కదాన్నే నోట్లో పెట్టి ఊదితే కాకి కూత లాంటి చప్పుడు వస్తుంది. అందులో ‘సి’ స్వరం రెండు స్థాయిల్లో పలికితే రీడ్ సరిగ్గా కుదిరినట్టు. ఇంత చేసినా కొద్ది రోజుల్లో అది చచ్చిపోతుంది. మళ్ళీ మొదలు. మా భోజనాల బల్ల మీద కొన్నేళ్ళుగా ఒక మూల సానరాయి, కత్తి, ఎర్ర దారం ఉండిపోయాయి. బంధువులు వచ్చినప్పుడు ఇదేం కుటీర పరిశ్రమ అని అడుగుతుంటారు.

మనకు ఇది మరీ పరాయి విద్య కూడా కాదు. నాదస్వరం నోట పెట్టుకునే పీక కూడా ఇలాంటి జంట రేకుల సరుకే. ప్రకాశం జిల్లా కరవది నుంచి శ్రీరంగం వెళ్ళి స్థిరపడిన షేక్ చిన మౌలానా నాదస్వరం వినండి. పెదవుల బిగువుతో జంట రేకులను ఎంత దూరం లొంగదీయవచ్చో తెలుస్తుంది. దారులు మాత్రం వేరు. అక్కడ గమకం కోసం స్వరం జారాలి, ఇక్కడ 1 నుంచి 9కి వెళ్ళినా జారకూడదు.

టబుటోకు వంట అంటే పిచ్చి. పుట్టగొడుగు పైపొర తీయడం చేతకాకపోతే ఓబో ఎలా వాయిస్తావని లైలా స్టార్చ్ అనే శిష్యురాలిని అడిగారట. చేతిలో కత్తి ఆడకపోతే రీడ్ లేదు, రీడ్ లేకపోతే వాద్యం లేదు. ఆ ప్రశ్నలో వేళాకోళం ఎంతో పాఠం కూడా అంతే. ఆయన ఆడపిల్లలను చేర్చుకోవడానికి ఇష్టపడేవారు కారు. యుద్ధకాలంలో పట్టుబట్టి చేరిన స్టార్చ్ 1945లో కర్టిస్ నుంచి ఓబోలో పట్టా పుచ్చుకున్న మొదటి మహిళ అయ్యారు. హ్యూస్టన్ సింఫనీలో ప్రిన్సిపల్‌గా చేశారు. ఆయన జీవితచరిత్ర రాసింది కూడా ఆవిడే. చేర్చుకోనన్న పిల్లే చివరికి చరిత్ర రాసి పెట్టింది!

ఆయన నోరు మంచిది కాదు. పాఠంలో ఏడ్చినవాళ్ళు, వణికినవాళ్ళు చాలామంది. ఈ విషయాన్ని కొందరు శిష్యపరంపర గొప్పగా, ముచ్చటగా చెప్పుకుంటారు. నాకది నచ్చదు. ‘గురువు తిట్టాడు కాబట్టే నేర్చుకున్నాం’ అనే మాట మన సంగీత ఇళ్ళల్లోనూ విన్నదే. తిట్లకు తట్టుకోలేక వెళ్ళిపోయినవాళ్ళ మాట ఎవరూ రాసి పెట్టరు. మా టీచరుగారు అంకెలు తీసుకున్నారు, కత్తి తీసుకున్నారు, కోపాన్ని అక్కడే వదిలేశారు. విద్య ఏమీ తగ్గలేదు.

శిష్యుల జాబితా చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో హెరాల్డ్ గాంబర్గ్, బోస్టన్‌లో ఆయన తమ్ముడు రాల్ఫ్ గాంబర్గ్, టోస్కనీనీ ఎన్‌బీసీ సింఫనీలో రాబర్ట్ బ్లూమ్, క్లీవ్‌లాండ్‌లో మార్క్ లిఫ్‌షీ, ఆయన తర్వాత మ్యాక్, ఫిలడెల్ఫియాలో టబుటో కుర్చీలోకే వచ్చిన జాన్ డి లాన్సీ. పెద్ద ఆర్కెస్ట్రాల ఓబో కుర్చీలు చాలావరకు ఒకే గదిలో నుంచి వచ్చినవాళ్ళతో నిండాయి. కర్టిస్‌లో ఆయన నడిపిన బృంద తరగతుల్లో ఫ్లూట్, హార్న్, బసూన్ విద్యార్థులు, తీగ వాద్యాల వాళ్ళు కూడా కూర్చునేవారు. కాబట్టి ఈ ప్రభావం ఓబోతో ఆగలేదు.

డి లాన్సీ కథ ఒకటి చెప్పాలి. 1945లో ఆయన అమెరికన్ సైనికుడిగా జర్మనీలో ఉన్నప్పుడు గార్మిష్‌లో స్వరకర్త రిచర్డ్ స్ట్రౌస్ ఇంటికి వెళ్ళేవారు. ఓబో కన్చెర్టో, అంటే ఓబో ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే రచన, రాసే ఆలోచన ఉందా అని అడిగితే ముసలాయన ‘లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ఏడాదే రాశారు కూడా! 1946 ఫిబ్రవరిలో జ్యూరిక్‌లో అది తొలిసారి వినిపించింది. అమెరికాలో మొదట డి లాన్సీ వాయించాలని స్ట్రౌస్ కోరుకున్నారు. కానీ అప్పటికి ఆయన ఫిలడెల్ఫియాలో టబుటో కింద కూర్చున్న చిన్న ఉద్యోగి. ఆర్కెస్ట్రా మర్యాద ప్రకారం ముందు హక్కు ప్రిన్సిపల్‌ది. చివరికి ఆ అవకాశం మిచ్ మిల్లర్ అనే ఇంకో ఓబో వాద్యకారుడి చేతికి వెళ్ళింది. గురువుగారి నీడ ఎంత చల్లగా ఉంటుందో అంత పెద్దదిగా కూడా ఉంటుంది మరి.

1954లో పదవీ విరమణ చేశాక టబుటో ఫ్రాన్స్‌కు వెళ్ళిపోయారు. చివరి రోజుల్లో, శిష్యుడు వేన్ రేపియర్ ప్రోద్బలంతో తన పద్ధతిని సొంత గొంతుతో టేపుల్లోకి ఎక్కించారు. 1966 జనవరి 4న నీస్‌లో కన్నుమూశారు. ఆ టేపులు తర్వాత విడుదలయ్యాయి. ఫ్రెంచ్ యాసతో ఇంగ్లిష్ మాట్లాడుతూ, మధ్యలో ఓబో అందుకుని చూపిస్తారు. మొదటిసారి విన్నప్పుడు సగం అర్థం కాదు. అంకెలు తెలిశాక వింటే ఆ సగమే ఎక్కువ రుచిగా ఉంటుంది.

ఐరోపా ఓబో వాద్యకారులు ఈ అమెరికన్ నాదాన్ని మూసుకుపోయినట్టుందని విమర్శిస్తారు. వాళ్ళ మాటను కొట్టిపారేయలేం. చిన్న గీత రీడ్‌తో వాళ్ళు పలికించే వెలుగు వేరు. ఒక్కటే సరైన నాదమని పట్టుబట్టే అమెరికన్ భక్తులను చూస్తే నాకూ విసుగే.

మీరు ఏదైనా ఒక్కటే వినదలచుకుంటే, చెల్లో వాద్యకారుడు పాబ్లో కసాల్స్ పెట్టిన ఉత్సవంలో, 1951లో ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్‌లో రికార్డు చేసిన మోత్సార్ట్ ఓబో క్వార్టెట్ (ఓబోకూ మూడు తీగ వాద్యాలకూ రాసిన రచన) వినండి. టబుటోతో పాటు ఐజాక్ స్టెర్న్, విలియం ప్రిమ్‌రోజ్, పాల్ టోర్టెలియే ఉన్నారు. నడుమ ఉన్న నెమ్మది భాగం 37 ఆవర్తాలే. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని ప్రతి స్వరానికీ మీకు తోచిన అంకె వేస్తూ రెండోసారి వినండి. చివరి భాగంలో తీగ వాద్యాలు ఆరు లెక్కలో నడుస్తుంటే ఓబో నాలుగు లెక్కలోకి దూకే చోటొకటి వస్తుంది. అక్కడ తాళం వేస్తూ ఆయన్ను అనుసరించగలిగితే నాకూ రాయండి. నేను ప్రతిసారీ అక్కడే తప్పుతాను, మా అమ్మాయి నవ్వుతుంది.