చలికాలంలో గుడ్డ డైపర్: పాపకు ఒరుపు రాకుండా ఎలా?

ఆదిలాబాద్ చలిలో ఐదు నెలల పాపకు గుడ్డ డైపర్లు వాడుతున్నామని, తొడల సందుల్లో ఎర్రగా ఒరుస్తోందని అడిగారు. చలి వల్ల ఒరుపు రాదండీ, తడి వల్ల వస్తుంది. పాప లేచి ఏడుస్తుందని మనం మార్చడం ఆలస్యం చేస్తాం. అక్కడే వస్తుంది చిక్కు. పగలు రెండు మూడు గంటలకోసారి మార్చండి. దొడ్డికి వెళ్తే మాత్రం క్షణం ఆగొద్దు. మూత్రం, మలం కలిస్తే చర్మం తొందరగా దెబ్బతింటుంది.

రెండో సంగతి, సరిగా ఆరని గుడ్డలు. పైకి ఆరినట్టే ఉంటాయి గానీ మడత లోపల చెమ్మ ఉండిపోతుంది. ఇస్త్రీపెట్టె ఆనించండి, ఆవిరి లేచిందంటే ఇంకా ఆరలేదన్నమాట. ప్లాస్టిక్ పొర ఉన్న కవర్లకు మాత్రం ఇస్త్రీ వద్దు. సబ్బు మిగలకుండా రెండుసార్లు జాడించండి, కంఫర్ట్ లాంటి బట్టల్ని మెత్తబరిచే ద్రవాలు వేయకండి, గుడ్డ పీల్చే గుణం పోతుంది.

గోరువెచ్చని నీళ్లతో తుడిచి, రుద్దకుండా అద్ది, రెండు నిమిషాలు గాలికి వదిలి, జింక్ ఆక్సైడ్ క్రీము పలచగా రాయండి. పౌడర్ వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెచ్చదనానికి డైపర్ బిగించకండి, పైన వదులు పైజామా, మేజోళ్లు చాలు.

మూడు రోజుల్లో తగ్గకపోయినా, మడతల్లో ముదురు ఎరుపు, చుట్టూ చిన్న పొక్కులు కనిపించినా అది ఫంగస్ కావచ్చు. పిల్లల డాక్టరుకు చూపించండి.