పెర్ఫార్మెన్స్ ఫిల్టర్ వేయిస్తే పికప్ పెరుగుతుందా?

ప్రశ్న: నాది పెట్రోల్ కారు. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ తీసేసి, కడిగి మళ్లీ వాడుకునే పెర్ఫార్మెన్స్ ఫిల్టర్ వేయిస్తే మైలేజ్, పికప్ రెండూ పెరుగుతాయని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మైలేజ్ కోసమైతే వద్దు. ఇప్పటి ఇంజిన్లలో లోపలికెళ్లే గాలిని సెన్సర్ లెక్కగడుతుంది, దానికి తగినంత పెట్రోలే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) వదులుతుంది. గాలి తగ్గితే పెట్రోలూ తగ్గుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే బండి పెట్రోల్ తాగేస్తుందన్న మాట కార్బురేటర్ల కాలం నాటిది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ 2009లో ఫిల్టర్లకు కావాలనే అడ్డుపెట్టి చూసింది. ఈ తరం కార్లలో పికప్ తగ్గింది కానీ మైలేజ్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాంటిది, శుభ్రంగా ఉన్న ఫిల్టర్ మారిస్తే మైలేజ్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక పికప్. మామూలు డ్రైవింగ్‌లో యాక్సిలరేటర్ కొద్దిగానే తొక్కుతాం. అప్పుడు గాలికి అసలు అడ్డు సగం మూసి ఉన్న థ్రాటిలే, అంటే యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు. పూర్తిగా తొక్కి ఆర్‌పీఎం పైకి లాగితే కాస్త లాభం ఉండొచ్చు, సీట్లో కూర్చున్నవాళ్లకు తెలిసేంత ఉండదు. చాలామందిని మురిపించేది శబ్దం. ఫిల్టర్ ఉండే డబ్బా (ఎయిర్ బాక్స్) తీసేసి, మూత లేని గరాటు ఆకారపు ఓపెన్ కోన్ ఫిల్టర్ పెడితే ఇంజిన్ గట్టిగా ఊపిరి పీల్చినట్టు వినిపిస్తుంది, దాన్నే పవర్ అనుకుంటాం. నిజానికి అది బానెట్ కింది వేడి గాలిని పీలుస్తుంది. వేడి గాలి పల్చన, కాబట్టి ఉన్న పవర్ కూడా కాస్త తగ్గొచ్చు.

ఫిల్టర్ ఉన్నది దుమ్ము ఆపడానికి. సన్నని ఇసుక రేణువులు లోపలికి చేరితే సిలిండర్ గోడలు, పిస్టన్ రింగులు అరిగిపోతాయి. గాలి ధారాళంగా వదిలే ఫిల్టర్ దుమ్మునూ కొంత ఎక్కువే వదిలేయొచ్చు. పైగా కాటన్ ఫిల్టర్లకు నూనె పట్టించాలి. అది ఎక్కువైతే గాలిని లెక్కగట్టే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ తీగకు అంటుకుని రీడింగ్ తప్పొచ్చు, చెక్ ఇంజిన్ లైట్ వెలగొచ్చు. టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు!

ట్రాక్ మీద నడిపేవాళ్లు, పెద్ద టర్బో వేయించి రీమ్యాప్ చేయించినవాళ్ల (ఈసీయూ సెట్టింగులు మార్పించినవాళ్ల) లెక్క వేరు. మీ ఫ్రెండ్ ఇప్పటికే వేయించి ఉంటే ఒక పని చేయమనండి. ఫిల్టర్ తీసి, ఇంజిన్ వైపు వెళ్లే గొట్టం లోపలి గోడను తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు గరగరలాడే దుమ్ము అంటితే ఫిల్టర్ దాన్ని ఆపడం లేదు, లేదా అంచులు సరిగ్గా కూర్చోలేదు.

ప్రశ్న: పేపర్ ఫిల్టర్‌ని కంప్రెసర్‌తో ఊదించి వాడొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ ప్రెషర్‌కు పేపర్ మడతల్లో కంటికి కనిపించని చిరుగులు పడొచ్చు. కొద్దిగా దుమ్ము పట్టిన పేపర్ కొత్తదానికన్నా బాగానే వడకడుతుంది, కాబట్టి మాటిమాటికీ దులపక్కర్లేదు. కారు మాన్యువల్లో చెప్పిన కిలోమీటర్లకు మార్చేయండి, మట్టి రోడ్లలో ఎక్కువ తిరిగితే ఇంకొంచెం ముందే.