కొలోన్‌లో కార్నివాల్: ఏ రోజు వెళ్లాలి, ఏం వేసుకోవాలి, ఏం తినొచ్చు

జర్మనీలోని కొలోన్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్లు కార్నివాల్ గురించి, అంటే ఈస్టర్ ముందటి ఉపవాసాలకి ముందు వేషాలతో చేసుకునే పండగ గురించి, అడిగే మొదటి సందేహం, ఊరేగింపు ఎన్నింటికి, ఎక్కడ నిలబడాలి అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ రోజు వెళ్లాలన్నది. వీధి కార్నివాల్ గురువారం నుంచి మంగళవారం దాకా ఆరు రోజులు సాగుతుంది. ఏ రోజు తీరు ఆ రోజుదే. పసిపిల్లల్ని వెంటబెట్టుకుని తప్పు రోజున తప్పు వీధిలోకి వెళితే మళ్లీ ఆ పండగ పేరెత్తబుద్ధి కాదు.

సీజన్ నవంబరు 11న ఉదయం 11 గంటల 11 నిమిషాలకే మొదలవుతుంది. ఆ రోజు సందడి అయ్యాక కాస్త సద్దుమణిగి, కొత్త సంవత్సరం నుంచి హాళ్లలో పాటలు, హాస్య ప్రసంగాలతో సభలు జరుగుతాయి. ప్రసంగాలు చాలావరకు కొలోన్ యాసలో ఉంటాయి కాబట్టి జర్మన్ బాగా వచ్చినవాళ్లకి కూడా సగం అందవు. మొదటి ఏడాది ఆ టికెట్లకి డబ్బు పెట్టకండి.

వీధుల్లో పండగ మొదలయ్యేది వైబర్‌ఫాస్ట్‌నాఖ్ట్ అనే గురువారం, మళ్లీ 11:11కే, పాతబస్తీలోని ఆల్టర్ మార్క్ట్ చౌకులో. పెద్ద ఊరేగింపు రోజైన రోజెన్‌మోంటాగ్ అనే సోమవారం ఈస్టర్ ఆదివారానికి సరిగ్గా 48 రోజుల ముందు వస్తుంది. 2027లో అది ఫిబ్రవరి 8, 2028లో ఫిబ్రవరి 28. దాని ముందు గురువారం నుంచి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

గురువారం ఆడవాళ్ల రోజు. కనబడిన మగవాడి టై కత్తిరించే హక్కు తమదే అంటారు. ఆఫీసుకి ఖరీదైన టై కట్టుకెళ్లకండి. చాలా ఆఫీసుల్లో పదకొండు దాటాక పని సాగదు, ఆ సమయానికి మీటింగులు పెట్టకండి. ఆ రోజు త్సుల్పిషర్ వీధి చుట్టుపక్కలకి కుటుంబంతో అసలు వెళ్లొద్దు. అక్కడ కుర్రకారు కిక్కిరిసి ఉంటారు, నిండిపోయాక పోలీసులు దారులు మూసేస్తారు. అక్కడా పాతబస్తీలోనూ గాజు సీసాలు నిషేధం, సంచిలో ఉంటే తీయించేస్తారు.

పిల్లలున్నవాళ్లకి మేం గట్టిగా చెప్పేది: మొదటిసారి ఆదివారమో మంగళవారమో వెళ్లండి. ఆదివారం బడిపిల్లలు, పేటల బృందాలు సొంతంగా కుట్టుకున్న వేషాలతో నగరం మధ్యలో నడుస్తారు. మంగళవారం నిపెస్, ఏరెన్‌ఫెల్డ్ లాంటి పేటలు ఎవరి ఊరేగింపు వాళ్లు తీస్తారు. బళ్లు చిన్నవి, జనం తక్కువ, పిల్లలు ముందు వరసలో నిలబడగలరు. పిల్లల చేతికి దొరికే మిఠాయిలు కూడా అక్కడే ఎక్కువ.

సోమవారం ఊరేగింపు 1823 నుంచి ఉంది. అప్పుడు కొలోన్ ప్రష్యా అనే జర్మన్ రాజ్యం ఏలుబడిలో ఉండేది. ఎర్ర, తెలుపు దుస్తుల్లో చెక్క తుపాకులు పట్టుకుని నడిచే రోటె ఫుంకెన్ దళం ఆ ఏడాది పుట్టిందే. సైనిక దర్పాన్ని వెక్కిరించడానికి వేసిన వేషం అది. నిజం సైన్యం అనుకుని భయపడకండి, వాళ్లు వీపులు ఆనించుకుని నాట్యం చేస్తుంటే నవ్వండి, చప్పట్లు కొట్టండి. చిట్టచివరి బండి మీద కార్నివాల్ యువరాజు వేషధారి ఉంటాడు. ఆయనతో పాటు రైతు, కన్య కలిసి ఆ ఏటి త్రిమూర్తులు. కన్య వేషం సంప్రదాయంగా మగవాడిదే. చాలామంది అలసిపోయి యువరాజు రాకముందే ఇంటికి వెళ్లిపోతారు, అలా చేయకండి.

ఊరేగింపు మామూలుగా దక్షిణాన క్లోడ్విగ్‌ప్లాట్స్ దగ్గర ఉదయం పది ప్రాంతంలో బయల్దేరుతుంది. అక్కడే నిలబడితే మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు. కెథడ్రల్ వైపు నిలబడితే చాలాసేపు ఎదురుచూడాలి, రద్దీ కూడా ఎక్కువ. దారి, సమయం ఆ ఏడాది ఉత్సవ కమిటీ ప్రకటించినవే చూసుకోండి. వీధుల మీది ట్రాములు చాలాచోట్ల ఆగిపోతాయి, కారు ఆలోచన మానుకోండి.

బళ్ల మీంచి "కమేలె" విసురుతారు, అంటే మిఠాయిలు. ఏటా దాదాపు 300 టన్నులని లెక్క. నోరు తెరిచి "కమేలె!" అని అరవాలి, చేతులు కట్టుకుని ఫోన్ పట్టుకున్నవాడి వైపు ఎవరూ విసరరు. పూలగుత్తి కావాలంటే "ష్ట్ర్యూస్యర్!" అనాలి. గుడ్డసంచి భుజానికి తగిలించుకోండి. గట్టి చాక్లెట్ డబ్బాలు మొహానికి తగులుతాయి, కళ్లద్దాలు జాగ్రత్త. దెబ్బ తగిలిందని కోర్టుకెళ్లినవాళ్లకి పరిహారం దక్కలేదు. బండి చక్రాల దగ్గర పడినదాన్ని పిల్లలు ఏరకుండా చెయ్యి పట్టుకోండి, ఇది మాత్రం ఏ క్షణం మరవొద్దు.

ఇక్కడ నినాదం "క్యోలె అలాఫ్". "హేలావ్" అనేది డ్యూసెల్డార్ఫ్, మైంజ్ వాళ్లది, ఇక్కడ అంటే మొహం తిప్పుకుంటారు.

వేషం లేకుండా వెళ్లకండి, మీరొక్కరే వింతగా కనిపిస్తారు. ఎర్ర, తెలుపు చారల చొక్కా, ఎర్ర ముక్కు ఉన్నా సరిపోతుంది. ఫిబ్రవరి చలి కాబట్టి జంతువుల బొమ్మ వేషం ఒక సైజు పెద్దది కొని లోపల థర్మల్, స్వెటర్ వేసుకోండి. నిజంలా కనిపించే బొమ్మ తుపాకీ పట్టుకెళ్తే పోలీసులు లాక్కుంటారు, జరిమానా కూడా పడొచ్చు. పిల్లల చేతి మీద మీ ఫోన్ నంబరు రాయండి, బ్యాండు మోతకి చెవులు కప్పండి.

తిండి విషయం శాకాహారులు, ముస్లిం సోదరులు బాగా చూసుకోవాలి. ఏరిన జెల్లీ మిఠాయిల్లో చాలావాటిలో పంది జెలటిన్ ఉంటుంది. "వేగన్" అని రాసి ఉన్నవి ఉంచుకుని మిగతావి పక్కన పెట్టండి. జామ్ నింపిన బెర్లీనర్ బన్నుల్లో కొన్నిట్లో గుడ్డు లిక్కర్ ఉంటుంది, అడిగి కొనండి. హాల్వే హాన్ అని మెనూలో ఉంటే దాని పేరు చూసి కోడి అనుకోకండి: రై రొట్టె, గౌడా చీజ్, ఆవాల ముద్ద, ఉల్లిపాయ, అంతే. ఆలుగడ్డ అట్టు రైబెకూఖెన్‌లో గుడ్డు కలుపుతారు. హిమ్మెల్ ఉన్ ఎర్డ్ అనే ఆలుగడ్డ, ఆపిల్ వంటకంలో రక్తం సాసేజ్ ఉంటుంది.

క్యోల్ష్ బీరు 0.2 లీటర్ల సన్న గ్లాసులో వస్తుంది. ఖాళీ అవగానే వెయిటర్ అడగకుండానే ఇంకోటి పెడతాడు. చాలు అనడానికి గ్లాసు కింద ఉండే అట్టని గ్లాసు మీద పెట్టాలి. ఆ అట్ట మీదే పెన్సిల్ గీతలతో బిల్లు ఉంటుంది, పోగొట్టుకోకండి. తాగనివాళ్లు ఆపిల్ షోర్లె (సోడా కలిపిన ఆపిల్ రసం) అడగండి, ఎవరూ బలవంతం చేయరు. తాగితే ఈ-స్కూటర్ కూడా ఎక్కకండి, కారుకున్న పరిమితే దానికీ: రక్తంలో ఆల్కహాల్ వెయ్యికి 0.5 వంతు, కొత్తగా లైసెన్సు తీసుకుని ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకీ 21 ఏళ్ల లోపువాళ్లకీ సున్నా. సందుల్లో మూత్రానికి నిలబడితే జరిమానా, అందుకే టాయిలెట్‌కి చిల్లర నాణేలు జేబులో వేసుకోండి.

చెంప మీద చిన్న ముద్దు, బ్యూట్స్‌షెన్, ఇక్కడి పలకరింపు. వద్దంటే వద్దనే. అంతకుమించి ఎవరైనా చెయ్యి వేస్తే అది నేరం, పోలీసుల నంబరు 110కి ఫోన్ చేయండి. ఆడవాళ్ల సాయం కోసం ఎడెల్‌గార్డ్ అనే ఏర్పాటు ఉంది, ఆ గుర్తున్న షాపులో, కేఫ్‌లో అడగొచ్చు.

సోమవారం చట్టప్రకారం సెలవు కాదు. ఆఫీసు ఇస్తుందో లేదో హెచ్‌ఆర్‌ని జనవరిలోనే అడగండి. కానీ కొలోన్ నగరపాలక కార్యాలయాలు మూసి ఉంటాయి. వీసా గడువు ఆ వారంలో ఉంటే ముందే పని తెముల్చుకోండి. దుకాణాలూ చాలావరకు బంద్, శనివారమే పాలు, కూరగాయలు తెచ్చుకోండి.

మంగళవారం అర్ధరాత్రి పబ్బుల గుమ్మం మీద వేలాడదీసిన గడ్డిబొమ్మ నూబెల్‌ని దించి, ఆరు రోజుల పాపాలన్నీ దాని నెత్తిన రుద్ది కాలుస్తారు. దీపావళికి మన ఊళ్లలో నరకాసురుణ్ని కాల్చినట్టే. వీధిలో కొంచెం దూరంగా నిలబడి చూడండి. బుధవారం చేపల భోజనం ఆనవాయితీ. ఆ రోజు ఆఫీసు మామూలే, లేటుగా వస్తానంటే ముందే చెప్పి ఉంచండి.