సమాధానం: విండ్‌షీల్డ్ తెల్లగా మసకబారితే

టామియా కంపెనీ 1/24 స్కేల్ (అసలు కారులో 24వ వంతు సైజు) ప్లాస్టిక్ మోడల్ కారుకి విండ్‌షీల్డ్‌ని సూపర్ గ్లూతో అతికిస్తే, తెల్లారేసరికి లోపలివైపు పొగ పట్టినట్టు తెల్లబడిందన్నారు. టెన్షన్ పడకండి, ప్లాస్టిక్ పాడవలేదు. గ్లూ నుంచి లేచే ఆవిరి తేమ తగిలి గట్టిపడి అలా పొరలా పేరుకుంటుంది. పోలీసులు వేలిముద్రలు బయటికి తీయడానికి వాడేది కూడా ఈ ఆవిరినే!

అసిటోన్ (నెయిల్ పాలిష్ రిమూవర్లలో వాడే ద్రావకం) జోలికి మాత్రం వెళ్లొద్దు. గ్లూతో పాటు అద్దమూ కరిగిపోతుంది. ఇయర్ బడ్‌కి ఫైన్ పాలిషింగ్ కాంపౌండ్ (మెరుగుపెట్టే మెత్తటి పేస్టు) కొద్దిగా అద్ది, నొక్కకుండా గుండ్రంగా రుద్దండి. పలచటి పొరైతే దీంతోనే పోతుంది. పోకపోతే అద్దాన్ని నెమ్మదిగా ఊడదీసి, 2000 నంబరు వాటర్ పేపర్‌ని (తడిపి వాడే సన్నటి గరుకు కాగితం) బాగా తడిపి రుద్దండి. తర్వాత 3000, ఆపైన కాంపౌండ్. పేపర్ తగలగానే అద్దం ఇంకా మసకబారి, ఉన్నది కూడా పోయిందే అనిపిస్తుంది. ఆగకండి, కాంపౌండ్ పట్టించాక తేటపడుతుంది.

మళ్లీ అతికించడానికి తెల్ల ఫెవికాల్ చాలు. అగ్గిపుల్ల మొనతో అంచు వెంట సన్నగా పెట్టండి. ఆరాక దాదాపు కనిపించదు. పక్కకి అంటినా ఆరకముందే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. నన్నడిగితే హెడ్‌లైట్ అద్దాలకి కూడా ఇదే వాడండి.